వైజాగ్‌లో ఏప్రిల్: పక్షుల 'లాస్ట్ సీన్' ఎవరైనా చూశారా?

ఈ వారం ఎపిసోడ్ వలస పక్షుల మీద. "వలస పక్షులు చలికాలంలో కదా వచ్చేది, ఏప్రిల్ ఎండలో ఇదేం టాపిక్ గురూ" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్ళు ఒక్క రెండు నిమిషాలు ఆగండి. నేను చెప్పబోయేది అవి వచ్చే సంగతి కాదు, వెళ్ళే సంగతి.

అక్టోబర్, నవంబర్ వస్తే చాలు, పేపర్లో "విదేశీ అతిథులు వచ్చేశాయి" అని కలర్ ఫొటో పడుతుంది. రీల్స్ వస్తాయి, డ్రోన్ షాట్లు వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో అవే పక్షులు ఒక్కొక్కటిగా ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే మాత్రం ఎక్కడా ఒక్క లైను ఉండదు. కారణం సింపుల్. వచ్చిన పక్షి కళ్ళకి కనిపిస్తుంది. వెళ్ళిపోయిన పక్షి కనిపించదు. లేని దాన్ని గమనించడం చాలా కష్టం. వాట్సాప్‌లో మనకి కావలసినవాళ్ళ లాస్ట్ సీన్ నిమిషంతో సహా చూస్తాం కదా. మరి మీ ఇంటి ముందు వేపచెట్టు మీద ఆరు నెలలు అద్దె కట్టకుండా కాపురం చేసిన పిట్ట లాస్ట్ సీన్ ఎప్పుడో చెప్పగలరా? ఈ ప్రశ్న ఎందుకు సీరియస్సో చివరికి మీకే అర్థమవుతుంది.

ముందు సైబీరియా సంగతి తేల్చేద్దాం. మన దగ్గర పెద్ద పక్షి ఏది గుంపుగా కనిపించినా సైబీరియా నుంచి వచ్చిందనేస్తారు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం తెలుసు కదా. అక్కడ ఊళ్ళో చెట్ల మీదే గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరే టైముకి వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో అయితే నత్తగుల్ల కొంగలు. అవి తొలకరితో వస్తాయి. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. నిజంగా దండం పెట్టాల్సిన విషయం. కానీ వార్తల్లో, వీడియోల్లో అవి సైబీరియావని చెప్తారు చూడండి, అది మాత్రం తప్పు. ఈ మూడు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాలో అసలు ఉండవు. నీళ్ళు, చేపలు, నత్తలు ఎక్కడుంటే అక్కడికి మన చుట్టుపక్కలే తిరుగుతుంటాయి.

గుర్తు పెట్టుకోవడానికి ఒక లాజిక్ చెప్తాను. చలికాలానికి ఉత్తరం నుంచి మన దగ్గరికి వచ్చే పక్షి తిండికి వస్తుంది, కాన్పుకి కాదు. గూడు తన సొంతూళ్ళోనే పెడుతుంది. కాబట్టి మీ ఊరి చెట్టు మీద గూడు కట్టి పిల్లల్ని లేపుతోందంటే అది సైబీరియాది కాదు, మనదే.

మరి నిజంగా అంత దూరం నుంచి వచ్చేది ఎవరు? చెప్తే నవ్వుతారు. జేబులో పది రూపాయల బిళ్ళ ఉంటే తీసి అరచేతిలో పెట్టుకోండి. ఇంచుమించు 8 గ్రాములు. అంత బరువు ఉంటుంది గ్రీనిష్ వార్బ్లర్ అనే పిట్ట. నాలుగు అంగుళాల పొడవు. పైన ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, కింద తెలుపు, కంటి మీద కనుబొమ్మలా ఒక లేత గీత, రెక్క మీద సన్నటి ఇంకో గీత. ఫొటో తీస్తే ఇన్‌స్టాలో పది లైకులు కూడా రావు. కానీ ఎంవీపీ కాలనీ అయినా, గాజువాక అయినా, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ అయినా, మామిడి, వేప, చింత చెట్లున్న వీధిలో చలికాలం పొద్దున్న "చిస్లీ... చిస్లీ" అని పదునుగా ఒక కూత వినిపిస్తే అది చాలావరకు ఇదే. దీని సొంతూరు మధ్య ఆసియా కొండలు, పశ్చిమ సైబీరియా అడవులు, అక్కణ్ణించి యూరప్‌లో బాల్టిక్ తీరం దాకా. పది రూపాయల బిళ్ళ రెక్కలు కట్టుకుని హిమాలయాల అవతలి నుంచి వచ్చి మన చెట్టు మీద పురుగులు ఏరుకుంటోందన్నమాట. హెడ్డింగ్ దీనికి పెట్టాలి.

ఇంకా మంచి విషయం, ఈ పిట్ట గురించి సైన్స్‌కి ముందుగా బాగా తెలిసిన చోట్లలో మన తూర్పు కనుమలు ఒకటి. 1970లలో ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు ఇక్కడి కొండల్లో పక్షుల మీద పనిచేశాడు. అదే కాలంలో వైజాగ్ కేంద్రంగా పక్షుల్ని చదివిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు ఉన్నారు. ఇద్దరూ కలిసి 1973లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో రాశారు. 1979లో ప్రైస్ అదే జర్నల్‌లో ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో ఏ పక్షి ఏ సీజన్లో ఉంటుందో పెద్ద వ్యాసం రాశాడు. 1981లో గ్రీనిష్ వార్బ్లర్ చలికాలపు జీవితం మీద ఇంకో పేపర్, ఐబిస్ అనే జర్నల్‌లో. ఈ పిట్ట చలికాలమంతా ఎలా బతుకుతుందంటే, ఒక్కొక్కటీ కొన్ని చెట్లు తనవని పట్టుకుని ఉంటుంది. ఇంకోటి వస్తే తరిమేస్తుంది. ఆ "చిస్లీ" కూత పాట కాదు, "ఇది నా ఫ్లాట్, బయటికి నడు" అని. అంటే మీరు నెలల తరబడి ఒకే చెట్టు మీద వింటున్నది చాలాసార్లు ఒకే పిట్టని.

అందుకే లాస్ట్ సీన్ అన్నాను. ఒక మనిషి, ఒక చెట్టు, ఒక పిట్ట. మార్చి వస్తుంది, కూస్తూనే ఉంటుంది. ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున్న కూత ఉండదు. ఈ చిన్న పిట్టలు ప్రయాణం రాత్రిపూట చేస్తాయి. మీరు ఐపీఎల్ మ్యాచ్ చూస్తున్న టైములో అది బయల్దేరిపోయి ఉంటుంది.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. స్కాట్లాండ్‌కి ఉత్తరాన, ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల మధ్యలో ఫెయిర్ ఐల్ అని ఒక దీవి ఉంది. పొడవు 5 కిలోమీటర్లు ఉంటుంది, అంతే. మన ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వెళ్ళేలోపు ఆ దీవి అయిపోతుంది. ఉండేది కొన్ని పదుల మంది. చుట్టూ గాలి, అలలు, చెట్లు దాదాపు లేవు. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి వెళ్ళే పక్షులు గాలికి దారి తప్పి, అలిసిపోయి, నీళ్ళ మధ్యలో ఈ ఒక్క ముక్క కనిపిస్తే దిగిపోతాయి. జార్జ్ వాటర్‌స్టన్ అనే ఆయన రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి ఖైదీగా ఉన్నప్పుడు, బయటపడితే ఆ దీవిలో పక్షుల కేంద్రం పెట్టాలని ప్లాన్ వేసుకున్నాడట. 1948లో నిజంగానే పెట్టాడు. అప్పటినుంచి అక్కడి మనుషులు సీజన్లో రోజూ దీవంతా తిరిగి, ఏం చూశారో, ఎన్ని చూశారో సాయంత్రం కూర్చుని రాస్తారు. ఏమీ కనిపించకపోతే ఏమీ లేదని కూడా రాస్తారు. 2019 మార్చిలో ఆ బిల్డింగ్ మొత్తం కాలిపోయింది. పక్షుల లెక్కలు చాలావరకు అంతకుముందే డిజిటైజ్ చేసి ఉండడంతో బతికాయి. చూడండి, బ్యాకప్ విలువ ఏంటో మా ఫీల్డ్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఫెయిర్ ఐల్‌లో గ్రీనిష్ వార్బ్లర్ కనిపిస్తే అది అరుదైన పక్షి, పండగే. అక్కడ అరుదు, మన దగ్గర వీధికొకటి. తేడా ఏంటంటే వాళ్ళ దగ్గర తారీఖులున్నాయి.

మన దగ్గర లేవా అంటే, రాతలో లేవుగానీ మనుషుల దగ్గర కొన్ని ఉన్నాయి. ఈ ఎపిసోడ్ కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ఒక తాత నా బైనాక్యులర్స్ చూసి, "ఏటి బాబూ, బోటు కొంటావేటి?" అన్నాడు. కాదు తాతా, ఆ తెల్ల పక్షులు ఎప్పుడెళ్తాయో చూస్తన్నాను అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "బుర్ర నల్లబడితే ఇంక ఉండవు. మేం యాట ఆపీసరికి అవీ ఎల్లిపోతాయి" అన్నాడు.

ఈ ఒక్క ముక్కలో ఎంతుందో చూడండి. ఆయన చెప్పింది బ్రౌన్ హెడెడ్ గల్ అనే సీగల్ గురించి. చలికాలంలో దీని తల తెల్లగా ఉంటుంది, చెవి దగ్గర ఒక మచ్చ తప్ప. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి తలంతా చాక్లెట్ రంగు ముసుగు వేసుకున్నట్టు అవుతుంది. దూరానికి నల్లగానే కనిపిస్తుంది. అది పెళ్ళి డ్రెస్. అది వేసుకుందంటే టికెట్ బుక్ అయినట్టే. దీని సొంతూరు కూడా సైబీరియా కాదు. లడఖ్, టిబెట్, మధ్య ఆసియాలో ఎత్తు మీద ఉండే సరస్సులు. ఇంక వేట ఆపడం అంటే మీకు తెలుసు కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ జెట్టీకి వరసగా కట్టేసి ఉంటాయి. ఆ వరస పడే టైముకి సీగల్స్ గుంపు పల్చబడిపోతుంది. ప్రభుత్వం పెట్టిన తేదీ, పక్షి పెట్టుకున్న తేదీ ఒకదానికొకటి సంబంధం లేకుండా దగ్గర దగ్గరగా పడ్డాయి. తాతకి రెండూ కలిపి ఒకటే క్యాలెండర్.

రంగు మారడం చూడాలంటే ఇంకా మంచి చోటు భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోట, నీళ్ళు తీసినప్పుడు బురద తేలుతుంది. దాని మీద చిన్న చిన్న పక్షులు పరిగెడుతుంటాయి. మన పెద్దవాళ్ళు అన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అనేస్తారు. జనవరిలో చూస్తే అన్నీ బురద రంగే, ఏది ఏదో తెలీక పిచ్చెక్కుతుంది. అవే ఏప్రిల్‌లో చూడండి. శాండ్ ప్లవర్ ఛాతీ ఇటుక రంగు అవుతుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ ఒళ్ళంతా తుప్పు ఎరుపు. గోల్డెన్ ప్లవర్ అయితే పైన బంగారం చుక్కలు, కింద మొహం నుంచి పొట్ట దాకా నలుపు. లిటిల్ స్టింట్ అని అన్నిటికన్నా బుల్లిది ఒకటుంటుంది, మూడు పది రూపాయల బిళ్ళల బరువు. చివర చెప్పిన ఈ మూడూ గూళ్ళు పెట్టేది సైబీరియా ఉత్తరాన, చెట్లు కూడా మొలవని టండ్రాలో. అసలైన సైబీరియా బ్యాచ్ వీళ్ళు. రోడ్డు మీద బజ్జీలు తింటూ ఎవరూ చూడరు.

వెళ్ళే ముందు వీటి ఒంట్లో జరిగేది వింటే మతి పోతుంది. చాలా దూరం ఆగకుండా ఎగిరే బురద పక్షులు బయల్దేరే ముందు కొన్ని వారాలు తిండి మీదే ఉంటాయి. కొన్ని జాతుల్లో బరువు దాదాపు రెట్టింపు అవుతుంది, అంతా కొవ్వే. అదే ఇంధనం. బార్ టెయిల్డ్ గాడ్‌విట్ లాంటివి ఎగరబోయే ముందు పేగులు, పొట్ట లాంటివి కుదించేసుకుంటాయి. గాల్లో తినేది లేదు కాబట్టి ఆ బరువు దండగ. అవసరం లేని యాప్స్ అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఫోన్ ఛార్జింగ్ ఫుల్ పెట్టుకున్నట్టు. ఆ జాతిదే ఒక పక్షి, ఐదు నెలల పిల్ల, 2022 అక్టోబర్‌లో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియాకి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. శాటిలైట్ ట్యాగ్ ఉంది కాబట్టి తెలిసింది.

ఎందుకంత కష్టం, ఇక్కడే ఉండిపోవచ్చు కదా? టండ్రాలో వేసవి రెండు నెలలు పొద్దు గుంకదు. మంచు కరగగానే దోమలు, పురుగులు కోట్లలో లేస్తాయి. పిల్లల్ని పెంచడానికి ఇరవై నాలుగ్గంటల క్యాంటీన్. ఆలస్యంగా వెళ్తే ఆ క్యాంటీన్ మూసేస్తారు. అందుకే బయల్దేరే తేదీ వాటికి చావుబతుకుల విషయం. మనకి డిసెంబర్‌లో పగలు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. ఆ కాస్త తేడా, ఒంట్లో పుట్టుకతో ఉన్న గడియారం, ఈ రెండిటితో టైము తెలుసుకుంటాయి. ఏడాది నిండని పిల్లలు కొన్ని మాత్రం ఆ వేసవి వెళ్ళకుండా మన తీరంలోనే ఆగిపోతాయి. మే నెలలో భీమిలి బురదలో రంగు మారని స్టింట్ ఒకటి కనిపిస్తే పాపం తప్పిపోయిందనుకోకండి. సెలవు పెట్టింది.

అన్నీ వెళ్ళేవే కాదు, ఈ సీజన్లో వచ్చేది ఒకటుంది. పొన్నంగి పిట్ట. ఇంగ్లీష్‌లో ఇండియన్ పిట్టా. ఆ 'పిట్టా' మన తెలుగు 'పిట్ట'నే. లోకంలో ఆ జాతి పక్షులన్నిటికీ మన మాటే పేరైంది. తొమ్మిది రంగులని హిందీలో నవరంగ్ అంటారు. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి, ఎండలు ముదిరాక పైకి వస్తుంది. మే, జూన్‌లో కంబాలకొండ వైపు పొద్దున్నే వెళ్తే ఈల వేసినట్టు రెండు ముక్కల కూత వినిపిస్తుంది. ఇది కూడా రాత్రి ప్రయాణికుడే. ఇక్కడే మన ఊరితో దీనికి ఇబ్బంది. రాత్రి ఎగిరే పక్షులకి చుక్కలు ఒక దారి. పోర్టు, ప్లాంట్లు, అపార్ట్‌మెంట్లు, బీచ్ రోడ్డు లైట్లు అన్నీ కలిపి మన ఆకాశం ఎలా ఉంటుందో మీరే చూస్తున్నారు. వెలుగుకి తికమకపడి, అలిసిపోయి, అద్దాలకి గుద్దుకుంటాయి. పొద్దున్నే బాల్కనీలో రంగురంగుల పిట్ట బెదిరిపోయి కూర్చుని ఉంటే నీళ్ళు నోట్లో పొయ్యకండి, సెల్ఫీలు వద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, ఒక గంట వదిలేయండి. కోలుకుంటే చెట్లున్న చోట వదలండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. లాస్ట్ సీన్ తేదీ తెలిస్తే ఎవరికి లాభం?

మన పోర్టు 1933లో తెరిచారు. ఇప్పుడు ఇన్నర్ హార్బర్ ఉన్న చోటు అంతకుముందు ఆటుపోట్లకి మునిగి తేలే బురద నేల. దాన్ని తవ్వి హార్బర్ చేశారు. పోర్టు వద్దు, స్టీల్ వద్దు అని నేననట్లేదు. ఈ ఊరు అన్నం తింటున్నదే వాటి వల్ల. కానీ మిగిలిన ప్రతి బురద ముక్కనీ, చెరువునీ మనం 'ఖాళీ స్థలం' అంటాం. రేపు అలాంటి చోట ఏదో కట్టాలనుకుని, అక్కడ పక్షులున్నాయో లేదో చూడమని ఎవరినో మే నెలాఖరులో పంపారనుకోండి. వాళ్ళు నిజాయితీగానే చూస్తారు. ఏమీ ఉండదు. ఆరు వారాల కిందట వేలల్లో ఉన్నాయన్న సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు? ఎప్పుడు వెళ్ళాయో మనం రాసుకుని ఉంటేనే "అయ్యా, మీరు తప్పు నెలలో వచ్చారు" అనగలం. నా దృష్టిలో అసలు గొడవ ఇది. ప్రేమలు, కవిత్వాలు తర్వాత.

పైగా ఇవి తగ్గిపోతున్నాయి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' రిపోర్ట్ 942 జాతుల్ని చూసి, 178 జాతుల గురించి ముందుగా జాగ్రత్త పడాలని చెప్పింది. బాగా తగ్గినవాళ్ళలో మన బురద బ్యాచ్ ఉంది. ఆ రిపోర్ట్‌కి డేటా ఇచ్చింది ప్రభుత్వ ఉద్యోగులు కాదు. దాదాపు 30,000 మంది మామూలు జనం, ఫోన్‌లో ఈబర్డ్ యాప్ పెట్టుకుని.

మీరూ పెట్టుకోండి. ఫ్రీ. పక్షులు తెలీవంటే దాంతోపాటు మెర్లిన్ అని ఇంకో యాప్ ఉంది, కూత వినిపిస్తే పేరు సూచిస్తుంది. కాకపోతే అది చెప్పిందల్లా నమ్మి ఎక్కించేయకండి, కళ్ళతో చూసి ఖాయం చేసుకోండి. పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, చూసినవన్నీ రాయండి. కాకి, పావురం, గోరింకతో సహా. "కాకిని ఎవరు రాస్తారు బ్రో" అంటారు. అన్నీ రాసిన లిస్టులో ఒక పేరు లేకపోతేనే అది నిజంగా అక్కడ లేదని లెక్క. నచ్చినవి మాత్రమే రాస్తే, లేదో, మీరు రాయలేదో ఎవరికీ తెలీదు. ఏ రోజుకారోజు లాగ్ ఉండాలి, ఎర్రర్ వచ్చిన రోజు మాత్రమే కాదు. నాతోపాటు కోడ్ రాసినవాళ్ళు ఇప్పుడు తలూపుతున్నారని తెలుసు.

ఎక్కడ అంటే, ఇంటి దగ్గర ఒకే చెట్టు చాలు, రోజూ. ఆదివారం అయితే భీమిలి గోస్తని మొగ, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్, లేదా కొండకర్ల ఆవ. కొండకర్లలో రెండు తాటి దోనెలు జంటగా కట్టి తిప్పుతారు, ఆ అన్నలకి పక్షులు మనకంటే బాగా తెలుసు, అడగండి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపు. తర్వాత మనమే మాడిపోతాం. ఇంకో ముఖ్యమైన విషయం, మనది నేవీ ఊరు. పోర్టు, నేవీ, ఎయిర్‌పోర్టు గోడల దగ్గర బైనాక్యులర్స్, జూమ్ లెన్సు, డ్రోన్ తీయకండి. "సార్, శాండ్‌పైపర్ సార్" అంటే అక్కడ ఎవరూ వినరు.

మే రెండో శనివారం వరల్డ్ మైగ్రేటరీ బర్డ్ డే. ఆ రోజుకి మన వీధుల్లో ఆ "చిస్లీ" ఎన్ని చోట్ల వినిపిస్తోందో, ఎన్ని చోట్ల ఆగిపోయిందో చూద్దాం. ఈ ట్రాన్స్‌క్రిప్ట్ చదువుతున్నవాళ్ళు రేపు పొద్దున్న నుంచి మొదలుపెట్టి, మీ ఏరియా పేరు, చివరిసారి విన్న తారీఖు, ఈ రెండే వీడియో కింద రాయండి. వచ్చినవన్నీ కలిపి, మర్రిపాలెం నుంచి మధురవాడ దాకా మ్యాప్ మీద పెట్టి జూన్ ఎపిసోడ్‌లో చూపిస్తాను. మా వీధిది ఈ రోజు పొద్దున్న 6:10కి, ములగచెట్టు మీద, ఇంకా కూస్తూనే ఉంది.